ఆపిల్ రొట్టెను పొంగించిన పొడి

అమెరికా దేశపు ఈశాన్య భాగమున, న్యూ ఇంగ్లండు అను ప్రాంతములో, అక్టోబరు మాసము వచ్చునప్పటికి మేపుల్ చెట్ల ఆకులు ఎరుపెక్కి రాలనారంభించును; తోటలలో కోసిన ఆపిల్ పండ్లు బుట్టలకొలది ఇండ్లకు చేరును; వంటయిల్లు వెచ్చబడుటకైనను ఓవెను వెలిగింపవలెనని ఇంటివారికి తోచును. అట్టి దినములలో అచ్చట కాల్చుకొను సుగంధపు ఆపిల్ రొట్టెకు కావలసిన సంభారములు మిక్కిలి సామాన్యమైనవి: రెండు పండ్ల తురుము, పావుకిలో గోధుమపిండి, దానికి కొంచెము తక్కువగా చక్కెర, రెండు గ్రుడ్లు, కొంత వెన్నయో నూనెయో, దాల్చినచెక్క పొడి రెండు చెంచాలు, గీరిన జాజికాయ చిటికెడు, లవంగముల పొడి అంతకంటెను తక్కువ. వీనినన్నిటిని కలిపి పొడవాటి రేకు అచ్చులో పోసి, 175 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో గంటసేపు ఉంచవలెను. అయితే ఈ పట్టికలో ఒక వస్తువును చెప్పక విడిచితిని. అది లేనిచో గంట గడచిన పిమ్మట అచ్చులోనుండి వెడలునది పిడచకట్టిన తీపిముద్దయే కాని రొట్టె కానేరదు. చెంచాన్నర తెల్లని పొడి అది. దానిని బేకింగ్ పౌడరు అందురు. ఆపిల్ వాసనలోను దాల్చినచెక్క ఘాటులోను తన ఉనికిని ఎవ్వరికిని తెలియనీయక పనిచేసిపోవు ఆ పొడి, శాస్త్రము వంటింటికి ఇచ్చిన కానుకలలో మేలైనదని నా దృఢవిశ్వాసము.

పొంగుట యనగా పిండిలో గాలి చేరుటయే. ఇడ్లీపిండిని రాత్రి కలిపి మూతపెట్టి, తెల్లవారుజామున గిన్నె అంచుదాక పొంగియుండుట చూచు మన ఇల్లాండ్రకు ఆ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. పాశ్చాత్యులు తమ రొట్టెకు ఈస్టును వాడుచుండిరి. అది సజీవమైన సూక్ష్మ శిలీంధ్రము, పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును విడుచును. జీవి గనుక దానికి కాలము కావలెను, వెచ్చదనము కావలెను. చలికాలమున అది మందగించును, చక్కెరయు కొవ్వును మిక్కుటమైనచో డస్సిపోవును. అంతేకాదు, దాల్చినచెక్కకు ఆ సువాసన నిచ్చు తైలమే ఈస్టు పెరుగుదలను అడ్డుకొనును. కావున తీపియు, కొవ్వును, పండ్ల తడియు, సుగంధద్రవ్యములును పుష్కలముగా గల జారుపిండిని ఈస్టుతో పొంగించుట మిగుల కష్టసాధ్యమైన పని. రెండవ మార్గము భుజబలము. గారెలపిండిని బాగుగా గిలకొట్టినచో దాని ఉండ నీటిపై తేలుననుట మనమెరిగినదే. అట్లే గ్రుడ్లను వెన్నను గిలకొట్టి గాలి పట్టించుట యూరపువారి పద్ధతి. హానా గ్లాస్ అను ఆమె 1747లో లండనులో ప్రకటించిన పాకశాస్త్ర గ్రంథమున, ఒక కేకు కొరకై పిండిని చేతితోనో పెద్ద కొయ్యగరిటెతోనో గంటసేపు కొట్టవలెనని విధించినది. ఆ గంటసేపు కొట్టినది ఎవరి చేయియో, సాయంకాలమునకు ఆ చేయి ఎట్లు నొచ్చెడిదో ఏ గ్రంథమును వ్రాయలేదు.

మూడవ మార్గము బూడిదలోనుండి పుట్టినది. అమెరికాలో క్రొత్తగా నివాసమేర్పరచుకొనినవారు సేద్యమునకై అడవులు నరికి, ఆ మ్రాకులను కాల్చి, బూడిదను నీట వడియగట్టి, ఆ క్షారజలమును ఇనుప కాగులలో మరగించి పొటాషును తీయుచుండిరి. సబ్బునకును గాజునకును అది ఆవశ్యకము. దానిని మరల కాల్చి శుద్ధిచేయగా వచ్చు తెల్లని క్షారమునకు పెర్ల్ యాష్, అనగా ముత్యపు బూడిద, అని పేరు. అమెరికా ప్రభుత్వము ప్రప్రథమముగా జారీచేసిన పేటెంటు, 1790 జూలై 31వ తేదీన జార్జి వాషింగ్టన్ చేవ్రాలుతో శామ్యూల్ హాప్కిన్స్ అను వ్యక్తికి లభించినది, ఈ పొటాషును ముత్యపు బూడిదను తయారుచేయు విధానమునకే. ఆరేండ్ల పిమ్మట, 1796లో, అమీలియా సిమ్మన్స్ అను ఆమె హార్ట్‌ఫర్డ్ నగరమున అచ్చువేయించిన 'అమెరికన్ కుకరీ' యందు ఆ క్షారము పిండివంటల దినుసుగా కానవచ్చును. అమెరికను వ్యక్తి రచించిన మొదటి వంటల పుస్తకము అదియే. క్షారములలో ఒక వాయువు బంధింపబడియున్నదనియు, ఆమ్లము తగులగానే అది బయల్వెడలుననియు స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్ 1756 నాటికే నిరూపించియుండెను. సిమ్మన్స్ ఆ పరిశోధనను చదివియుండెనని చెప్పుటకు ఆధారము లేదు. పుల్లని పాలలో ఆ బూడిద పడినప్పుడు నురగ లేచుటను కన్నులార చూచుటయే వంటవారికి చాలియుండును.

ముత్యపు బూడిదకు కటువైన రుచి కలదు. అది ఎక్కువైనచో రొట్టె సబ్బువలె నుండెడిది. 1801లో బెర్లినులోని ఔషధజ్ఞుడు వాలెంటిన్ రోజ్ సోడియం బైకార్బనేటును, అనగా మన వంటసోడాను, కనుగొనెను. ఫ్రాన్సులో నికొలా లెబ్లాంక్ సముద్రపుటుప్పునుండి సోడాక్షారమును తీయు మార్గమును అంతకు పూర్వమే తెరచియుండుటచే, అడవులతో పనిలేకయే క్షారము లభింపసాగినది. 1846లో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ అనువారు న్యూయార్కులో వంటసోడా వ్యాపారమునకు పూనుకొనిరి. సోడా చౌకయైనది, శుద్ధమైనది. కాని అది సగము విద్య మాత్రమే. దానిని మేల్కొలుపు ఆమ్లము ఏది? పుల్లమజ్జిగ పోయుదురు, ఆ పులుపు ఒకనాడు హెచ్చు, ఒకనాడు తగ్గు. హెచ్చిన దినమున రొట్టె పుల్లగిల్లును, తగ్గిన దినమున మిగిలిన సోడా పసుపు మరకలై నాలుకకు చేదుగా తగులును. క్రీమ్ ఆఫ్ టార్టార్ అను పొడి నిలుకడ గల ఆమ్లమే. ద్రాక్షాసవము నిలువయున్న పీపాల లోతట్టున గట్టిగా పేరుకొను మడ్డి నుండి దానిని తీయుదురు. అయితే అది ద్రాక్షతోటలున్న యూరపు దేశములనుండి ఓడలలో దిగుమతి కావలసిన సరకు. అమెరికాలోని పల్లెటూరి వంటింటికి వెల భారము.

ఆమ్లమును క్షారమును ముందుగనే ఒక్క డబ్బాలో కలిపియుంచిన నేమి? ఆ ఆలోచనకు ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరమున ఒక దాంపత్యము కారణమైనది. అల్‌ఫ్రెడ్ బర్డ్ అను ఔషధవ్యాపారి భార్యకు ఈస్టు సరిపడెడిది కాదు. ఆమె తినగల రొట్టెకై ఆయన 1843లో టార్టారికామ్లమును, సోడాను, కొంత గంజిపొడిని కలిపి ఈస్టు లేకయే పొంగించు పొడిని తయారుచేసెను. ఆమ్లమును క్షారమును రెండును పొడిగా నున్నంతకాలము ఒండొంటిని అంటవు. తడి తగిలినచో క్షణములో కలియబడును. గాలిలోని చెమ్మయే వానికి చాలును. గంజిపొడి ఆ చెమ్మను తాను పీల్చుకొని రెండింటికి నడుమ తెరవలె నిలుచును. ఎంత చిన్న ఉపాయము! భార్య రొట్టె తినవలెనని ఒక భర్త పడిన ఆరాటము, చూచుచుండగా లోకమునకంతకు ఉపకరించినది.

ఈ కథలో ప్రధాన పురుషుడు ఎబెన్ నార్టన్ హార్స్‌ఫర్డ్. 1818లో జన్మించిన ఈ అమెరికనుడు, జర్మనీలోని గీసెన్ నగరమున ఆ కాలపు రసాయనశాస్త్రమునకు తలమానికమైన యూస్టస్ లీబిగ్ సన్నిధిని విద్యాభ్యాసము చేసి, 1847లో హార్వర్డు విశ్వవిద్యాలయమున రమ్‌ఫర్డ్ ఆచార్యపీఠమును అధిష్ఠించెను. పొయ్యిలను, వెచ్చదనమును, బీదల ఆహారమును గూర్చి జీవితమంతయు యోచించిన కౌంట్ రమ్‌ఫర్డ్, శాస్త్రము నిత్యజీవితమునకు ఉపయోగపడవలెనను సంకల్పముతో ఆ పీఠమునకై ధనము విడిచిపోయెను. హార్స్‌ఫర్డ్ ఆ సంకల్పమును అక్షరాల నెరవేర్చెను. గోధుమను తెల్లని పిండిగా ఆడునప్పుడు తవుడుతోపాటు ఫాస్ఫేటులు పోవుచున్నవి. క్రీమ్ ఆఫ్ టార్టారునకు బదులుగా ఫాస్ఫేటు జాతి ఆమ్లమునే వాడినచో రొట్టె పొంగుటయేగాక పోయిన పోషణయు తిరిగివచ్చును గదా యని ఆయన తలచెను. ఎముకలను గంధకామ్లముతో సంస్కరించి, ఆమ్లగుణము గల కాల్షియం ఫాస్ఫేటును పొడిరూపమున రాబట్టి 1856లో పేటెంటు పొందెను. జార్జి విల్సన్‌తో కలిసి రోడ్ ఐలండు రాష్ట్రమున ప్రావిడెన్సు నగర సమీపములో కర్మాగారము నెలకొల్పి దానికి రమ్‌ఫర్డ్ పేరే పెట్టెను. 1869 ప్రాంతమున మొక్కజొన్న గంజిపొడితో కలిపి ఆమ్లక్షారములను ఒకే డబ్బాలో అమ్మసాగిరి. 1880 దాటిన పిమ్మట ఎముకల స్థానమున గనులలోని ఫాస్ఫేటు వచ్చినది. అధ్యాపకుడు అంగడి సరకు చేయుట తగునాయని ఆక్షేపించువారు ఏ కాలమునందైనను ఉందురు. రొట్టెల తయారీని గూర్చి 1861లో ప్రత్యేకగ్రంథమే రచించిన ఈ ఆచార్యుని యెడ నాకు గౌరవమే కలుగుచున్నది.

అమ్మకము పెరిగినకొలది కలహమును పెరిగినది. చౌకగా దొరకు పటికజాతి లవణమును ఆమ్లముగా వాడి కొందరు పొడులు చేయగా, క్రీమ్ ఆఫ్ టార్టార్ వాడువారు అది విషమని ప్రచారము సాగించిరి. మిస్సోరి రాష్ట్రమున 1899లో పటిక పొడుల అమ్మకమును నిషేధించుచు శాసనమే వెలసినది. శాసనసభ్యులకు లంచములు ముట్టెనని 1903లో బయటపడగా ఆ రాష్ట్రపు లెఫ్టినెంట్ గవర్నరు పదవి విడువవలసివచ్చెను. 1905లో ఆ శాసనమును ఎత్తివేసిరి. శాస్త్రము తేల్చవలసిన ప్రశ్నను డబ్బు తేల్చబోయిన ఈ ఘట్టము తలచుకొనిన బాధ కలుగును. దీనికి భిన్నముగా, జర్మనీలోని బీలెఫెల్డు పట్టణమున 1891లో మందుల దుకాణమును కొనిన ఆగస్ట్ ఎట్కర్, అరకిలో పిండికి సరిగా సరిపోవు పొడిని తూచి చిన్న పొట్లములుగా కట్టి ఇల్లాండ్రకు అమ్మెను. అందులో క్రొత్త రసాయనమేదియు లేదు. కాని ఎంత వేయవలెనను చింత తొలగినది. కొలత కూడ ఒక ఆవిష్కరణమే గదా.

నేడు డబ్బాలో నున్న పొడి రెండు విడతలుగా పనిచేయును. ఒక ఆమ్లము తడి తగులగానే కరగును. రెండవది ఓవెను వేడి సోకువరకు ఓపికపట్టును. అమెరికా నిబంధనల ప్రకారము పొడి బరువులో నూటికి 12 పాళ్లకు తక్కువ కాకుండ బొగ్గుపులుసు వాయువు విడుదల కావలెను. మన ఆపిల్ రొట్టెలో వేసిన చెంచాన్నర సుమారు 7 గ్రాములనుకొనినచో, దానినుండి గది వేడిమివద్ద దాదాపు 450 ఘన సెంటీమీటర్ల వాయువు పుట్టునని లెక్క. ఓవెనులో అది మరింత వ్యాకోచించును. అయినను ఆ వాయువు క్రొత్త బుడగలను పుట్టింపజాలదు. చక్కెరను వెన్నతో గిలకొట్టినప్పుడు లోపల చిక్కుకొనిన గాలిబుడగలలోనికే అది చేరి వానిని పెద్దవి చేయును. కావున పూర్వపు గంటసేపటి శ్రమ నాలుగైదు నిమిషములకు తగ్గినదే కాని పూర్తిగా పోలేదు.

ఓవెను గాజుతలుపునొద్ద నిలిచి చూడుడు. ఇరువది నిమిషముల వరకు పిండి అంచులవద్ద మెల్లగా లేచును. పైపొర ఆరి గోధుమవన్నె తిరుగును. అప్పటికి నడిమి పిండి ఇంకను పచ్చిగానే యుండి లోలోపల పొంగుచు, గట్టిపడిన పైపొరను పొడవునా చీల్చుకొని పైకి వచ్చును. ఆ చీలిక లోపము కాదు, పొడి తన పని తాను చేసినదనుటకు గుర్తు. ఇంతలో గ్రుడ్డులోని మాంసకృత్తులు గడ్డకట్టి, పిండిలోని గంజి ఉబ్బి, బుడగల గోడలు నిలిచిపోవును. ఆపిల్ తురుములోని తడి ఆ గోడలను మెత్తగా నుంచును. 1785లో కార్ల్ షీలె ఆపిల్ రసమునుండి వేరుచేసిన మాలిక్ ఆమ్లము ఆ తురుములో నున్నది గనుక, పుల్లని పండ్లు వాడునప్పుడు పొడితోపాటు పావుచెంచా వంటసోడాను గూడ వేయుట యుక్తము. పండు పులుపే దానిని పనిచేయించును. అంతకు మించిన సోడా వేయరాదు. ఆమ్లము దొరకక మిగిలినది వేడికి మరింత తీవ్రమైన క్షారమై, దాల్చినచెక్క సువాసనను మింగి సబ్బురుచిని మిగుల్చును.

డల్లాసులోనో న్యూజెర్సీలోనో కాపురముండు మన తెలుగు ఇల్లాండ్రు గాని, ఇచ్చట ఇంట ఓవెను గలవారు గాని ఈ రొట్టె కాల్చబూనినచో వారికొక్క విన్నపము. బేకింగ్ పౌడరు డబ్బా ఎంతకాలమునుండి అలమారలో నున్నదో చూచుకొనుడు. తడిచెంచా ముంచిన డబ్బా మన తేమగాలిలో త్వరగా చెడిపోవును. ఆపిల్ పండ్లు తురుమకముందే ఒక గిన్నెలో వేడినీరు పోసి అర చెంచా పొడి చల్లుడు. వెంటనే బుసబుస పొంగి నురగ లేచినచో పని ప్రారంభింపవచ్చును. లేవనిచో దుకాణమునకు పోయి క్రొత్త డబ్బా తెచ్చుకొనుడు.