భూగర్భ విద్యుత్ సర్వీసు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

గ్రామమున విద్యుద్దీపము వెలుగుట నేడు వింత కాదు. 1959వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడిన నాడు కరెంటు ఎరుగని పల్లెలే అధికము. నేడు పంచాయతీ కార్యాలయము, పాఠశాల, అంగన్‌వాడీ కేంద్రము, మంచినీటి పంపు అన్నియు విద్యుత్తు పైననే ఆధారపడి యున్నవి. అయినను స్తంభము నుండి భవనము వరకు విద్యుత్తు వచ్చు దారిని గూర్చి మనము అంతగా ఆలోచించుట లేదు. పిల్లలు ఆడుకొను స్థలము మీదుగా, గడ్డి బండ్లు పోవు బాట మీదుగా సర్వీసు తీగ వ్రేలాడుచుండుట అనేక గ్రామములలో మనము చూచుచునే యున్నాము. గాలివానకు అది తెగి నేలపై పడినచో ముందుగా దాని దరికి పోవునది పశువో, పసిబిడ్డయో.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన వచ్చిన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నములో విద్యుత్ స్తంభములను, తీగలను నేలగూల్చెను. దాని పిమ్మట ఆ నగరమున అనేక ప్రాంతములలో తీగలను భూమిలోనికి మార్చు పని చేపట్టబడినది. గ్రామమంతటికిని అట్లు చేయుట పంచాయతీ శక్తికి మించిన పని. కాని ఒక పాఠశాలకో, పంచాయతీ భవనమునకో భూగర్భ సర్వీసు తీసికొనుట సాధ్యమే.

ఎచ్చట తగును?

భూగర్భ సర్వీసుకు పైతీగ కంటె వ్యయము ఎక్కువ. కేబులులో లోపము ఏర్పడినచో అది ఎచ్చట నున్నదో కనుగొనుటయు కష్టమే. కావున ప్రతి భవనమునకు ఇది కావలయునని మేము చెప్పుట లేదు. తీగ ఆటస్థలమును దాటవలసిన చోట, చెట్లు దట్టముగా నున్న చోట, ఎత్తైన బండ్లు తిరుగు చోట, తుఫాను తాకిడి గల తీర గ్రామములలో ఇది తగినది. వాననీరు నెలల తరబడి నిలుచు పల్లములో కేబులు దారిని ప్రక్కకు మార్చుకొనుట మేలు.

దరఖాస్తు

మొదట పంచాయతీ తీర్మానము చేసి, భవనములోని దీపములు, పంకాలు, మోటార్ల మొత్తము లోడును లెక్కించి, మీ ప్రాంతపు విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టవలయును. భూగర్భ సర్వీసు కోరుచున్నట్లు దరఖాస్తులోనే స్పష్టముగా వ్రాయుడు. ఇంజనీరు స్థలము చూచి ఎస్టిమేటు వేయును. సర్వీసు లైనుకు అగు న్యాయమైన ఖర్చును వినియోగదారుని నుండి రాబట్టుకొనుటకు 2003వ సంవత్సరపు విద్యుత్ చట్టము 46వ సెక్షను అవకాశ మిచ్చుచున్నది. 47వ సెక్షను ప్రకారము సెక్యూరిటీ డిపాజిట్టు కోరవచ్చును. ఎస్టిమేటులో కేబులు, కందకము, రోడ్డు మరమ్మతు వేరువేరుగా చూపబడినవో లేవో సభ్యులు పరిశీలింపవలెను. కందకము ఎవరు త్రవ్వించవలెనో ముందే వ్రాతపూర్వకముగా తేల్చుకొనుట మంచిది.

కేంద్ర ప్రభుత్వపు విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు 2020లో వెలువడినవి. 2024లో సవరింపబడిన ప్రకారము, దరఖాస్తు సక్రమముగా నున్న యెడల గ్రామీణ ప్రాంతములలో 15 దినములలోను, కొండ ప్రాంతపు గ్రామములలో 30 దినములలోను క్రొత్త కనెక్షను ఈయవలయును. లైను పొడిగింపు గాని, క్రొత్త సబ్‌స్టేషను గాని అవసరమైనచో ఆ పని కగు కాలము వేరు.

కందకము, కేబులు

పని మంచి చెడ్డలు కంటికి కనుపించునది కందకము పూడ్చక మునుపే. కావున ఆ దినమున ఒక సభ్యుడైనను అచ్చట నుండవలెను. ఇండ్లకు, కార్యాలయములకు వచ్చు లో వోల్టేజి కేబులును సామాన్యముగా 75 సెంటీమీటర్ల లోతున వేయుదురు. రోడ్డు దాటుచోట లోతు 1 మీటరు ఉండవలెను; అచ్చట కేబులును పైపులో దూర్చవలయును. నేల రాతిమయమై అంత లోతు త్రవ్వ వీలుకానిచో ఇంజనీరు సలహాపై పైపు రక్షణ కల్పింపవలెను.

కందకము అడుగున రాళ్లు ఏరివేసి 7.5 సెంటీమీటర్ల మందమున ఇసుక పరచి, దానిపై కేబులు ఉంచి, తిరిగి అంతే ఇసుక కప్పవలెను. దానిపై ఇటుకలు పేర్చి, మట్టి నింపుచు హెచ్చరిక పట్టీ పరచవలెను. ఇటుక కేబులును కాపాడుట మాత్రమే కాదు; రేపు గునపము పట్టినవానికి అది హెచ్చరిక. ఉక్కు తీగల కవచము గల కేబులును వాడినచో పందికొక్కుల బాధ తగ్గును. కేబులును మొనదేలునట్లు వంచరాదు. మంచినీటి గొట్టమునకు, టెలిఫోను కేబులుకు కనీసము 30 సెంటీమీటర్ల ఎడము ఉంచవలెను.

ఉదాహరణకు స్తంభము నుండి పాఠశాలకు 20 మీటర్ల దూరమనుకొందము. కందకము వెడల్పు 40 సెంటీమీటర్లు, లోతు 75 సెంటీమీటర్లు అయినచో త్రవ్వవలసిన మట్టి 6 ఘనమీటర్లు. రెండు పొరలకు ఇసుక సుమారు 1.2 ఘనమీటర్లు. అడ్డముగా పేర్చుటకు ఇటుకలు సుమారు 200. ఈ లెక్క చేతనుండిన బిల్లు సరిచూచుట తేలిక.

కేబులు భూమి నుండి స్తంభము పైకి లేచు చోట దానిని పైపుతో కప్పవలెను. కనెక్షను ఇచ్చుటకు ముందు మెగ్గరుతో ఇన్సులేషను పరీక్ష జరిపించవలెను. భవనమునకు మంచి ఎర్తింగు తప్పనిసరి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను ఆపు బ్రేకరును అమర్చినచో ప్రాణరక్షణ కలుగును. లోపలి వైరింగు లైసెన్సు గల కాంట్రాక్టరు చేతనే చేయించవలెను.

పంచాయతీ ముఖ్య ధర్మము

పైతీగ అందరికిని కనుపించును. భూగర్భ కేబులు కనుపించదు. ఇందలి మేలును అదియే, ప్రమాదమును అదియే. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ క్రింద ఇంటింటికి కుళాయిల కొరకు గ్రామ వీధులు త్రవ్వబడినవి. మురుగు కాలువలకై, ఇంటర్నెట్టు కేబులుకై త్రవ్వుచునే యున్నారు. మట్టి త్రవ్వు యంత్రము తెలియక కేబులును తెంచినచో గ్రామము చీకటి యగుటయే గాక కూలివాని ప్రాణము పోవచ్చును.

కావున పంచాయతీ మూడు పనులు చేయవలెను. మొదటిది, కేబులు దారిని భవనపు గోడ మూలల నుండి కొలిచి, లోతుతో సహా పటము గీయించి రికార్డులలో భద్రపరచుట. కందకము తెరచి యుండగనే ఫోటోలు తీయించుట. రెండవది, కేబులు మలుపులలోను, రోడ్డు దాటుచోట ఇరువైపులను గుర్తు రాళ్లు పాతించుట. మూడవది, వీధిలో ఎవరు త్రవ్వదలచినను ఈ పటము చూపి, లైన్‌మన్‌కు తెలిపిన పిదపనే అనుమతించుట.

పొరపాటున కేబులు తెగినచో ఎవరును దానిని తాకరాదు, గుంటలోనికి దిగరాదు. జనమును దూరముగా నిలిపి, వెంటనే లైన్‌మన్‌కు గాని, 1912 నంబరుకు గాని తెలుపవలెను. సరఫరా ఆపినట్లు ధ్రువపడు వరకు కాపలా ఉంచవలెను.

కనెక్షను విషయమున అకారణ జాప్యము జరిగినచో పంపిణీ సంస్థ యొక్క వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వ్రాయవచ్చును. అచ్చట న్యాయము కలుగనిచో విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. ఈ హక్కు 2003 చట్టము 42వ సెక్షనులో కలదు. దరఖాస్తు రసీదు, ఎస్టిమేటు, చెల్లింపు రసీదులు ఒకే ఫైలులో ఉంచుడు.

సర్పంచులు మారుదురు, సభ్యులు మారుదురు. భూమిలోని కేబులు దశాబ్దముల తరబడి అచ్చటనే యుండును. నేడు మీరు గీయించు పటము రేపు రాబోవు పంచాయతీకి దారిచూపును. ఎన్నడో గునపము పట్టబోవు ఒక కూలివానికి అది ప్రాణరక్ష యగును.