కిక్ రాడ్ లేదు... కిక్కు మాత్రం ఉంది!

'రోమన్ హాలిడే' (1953)లో ఆడ్రీ హెప్‌బర్న్, గ్రెగరీ పెక్ వెస్పా ఎక్కి రోము వీధులు చుట్టేసినప్పటి నుంచీ స్కూటర్‌కి అంటుకున్న గ్లామర్ ఇప్పటికీ వదల్లేదు. మన దేశంలో 1972లో బజాజ్ చేతక్ వచ్చింది. ఒక తరం మొత్తం దానికోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. స్టార్ట్ కాకపోతే పక్కకి వంచి, నాలుగు కిక్కులు కొట్టి, ఆఫీసుకెళ్ళింది. ఆ చేతక్కే 2020లో కరెంటు బండిగా మళ్ళీ పుట్టింది. ఇప్పుడు కిక్కులూ లేవు, వంచడాలూ లేవు. మీట నొక్కితే చాలు!

మా ఎమ్మిగనూరులోనూ, ఆదోనిలోనూ కుర్రకారు కళ్ళన్నీ ఇప్పుడు ఈ బళ్ళ మీదే. అందులోనూ 25 కిలోమీటర్ల వేగంతో నత్తనడక నడిచే చిన్న బండి ఎవరికీ వద్దు. తొంభై, నూరు దాటే 'హై స్పీడ్' రకమే కావాలి! ఏడాదిన్నరగా నేను నడుపుతున్నది అలాంటిదే. ఉండేది ఎమ్మిగనూరు, ఆదోని పత్తి మండీలో లెక్కలు రాసే ఉద్యోగం. రానూ పోనూ రోజుకి 60 కిలోమీటర్లు. కంపెనీ పేరు మాత్రం అడగొద్దు. ఇది ప్రకటన కాదు!

హీరో ఎంట్రీ

ముందు మంచి సంగతులు చెప్పుకుందాం. పెట్రోలు ఇంజను శక్తి పుంజుకోవాలంటే కాస్త తిరగాలి. కరెంటు మోటారుకి ఆ బాధ లేదు. కదలని చక్రాన్ని మొదటి క్షణంలోనే పూర్తి బలంతో తిప్పుతుంది. అందుకే ఏథర్ 450ఎక్స్ సున్నా నుంచి 40 కిలోమీటర్ల వేగానికి 3.3 సెకన్లలో చేరుతుంది. 2024 జనవరిలో వచ్చిన 450 ఏపెక్స్ 2.9 సెకన్లు చాలంది. 2021 ఆగస్టు 15న వచ్చిన ఓలా ఎస్1 ప్రో గంటకి 115 కిలోమీటర్లు పోతానంది.

అంకెలు అలా ఉంచండి. పత్తి బోరాల లారీ వెనక పది నిమిషాలు దుమ్ము మింగాక, ఎదురుగా రోడ్డు ఖాళీ కాగానే మణికట్టు కాస్త తిప్పి చూడండి... లారీ వెనకబడిపోతుంది. చప్పుడు లేదు, పొగ లేదు, గేర్లు లేవు. 'ఒక్కడు' (2003)లో కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర మహేష్‌బాబు, ప్రకాష్‌రాజ్‌ని ఎదిరించిన సీనుకి మా జిల్లా హాళ్ళలో ఎంత ఈల పడిందో, మొదటిరోజు నా మనసులో అంత ఈల పడింది!

నిర్మాత లెక్కలు

ఈల వేస్తే సరిపోదు, డబ్బు పెట్టినవాడు లెక్క చూసుకోవాలి. నెలకి 25 రోజులు, 1,500 కిలోమీటర్లు. లీటరుకి 45 ఇచ్చే పెట్రోలు స్కూటరైతే 33 లీటర్లు పైన. లీటరు 109 రూపాయలు వేసుకున్నా 3,600 రూపాయలు. నా బండికి, చార్జింగులో పోయే నష్టంతో కలిపి, 60 యూనిట్ల దాకా అవుతుంది. 2022 టారిఫ్ ప్రకారం ఇళ్ళకి 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు. అంటే 360, పై చార్జీలతో 400 అనుకోండి. అయితే ఇంట్లో ఏసీ, గీజరు ఉండి 225 దాటేవాళ్ళకి యూనిట్ 8.75 పడుతుంది. బండి కొనేముందు మీ కరెంటు బిల్లు వెనక్కి తిప్పి చూసుకోండి.

ఎలా చూసినా నెలకి 3 వేలు మిగులుతాయి. మా నాయన మగ్గం మనిషి. మాచాని సోమప్పగారు 1938లో పెట్టిన చేనేత సంఘం పేరు చెప్పుకుని పెరిగిన ఊరు మాది. ఆ ఇంట్లో 3 వేలంటే మా చెల్లెలి కాలేజీ బస్సు, పుస్తకాలు! పెట్రోలు బండికన్నా ఎక్కువ పెట్టిన 50 వేలు పదిహేడు నెలల్లో తిరిగొచ్చాయి. కానీ రోజుకి పది కిలోమీటర్లు తిరిగేవాడికి ఆ 50 వేలు తిరిగి రావడానికి ఎనిమిదేళ్ళు పడుతుంది. తిరిగేకొద్దీ లాభం, నిలబెడితే నష్టం. అదీ దీని సూత్రం.

ఇంకో మాట. 2023 జూన్ 1 నుంచి కేంద్రం సబ్సిడీ పరిమితిని బండి ధరలో 40 శాతం నుంచి 15 శాతానికి దించింది. ఆ తర్వాత ఇంకా తగ్గుతూ వచ్చింది. జీఎస్టీ కరెంటు బండికి 5 శాతమే. కానీ చిన్న పెట్రోలు బళ్ళకి కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. ధరల్లో తేడా ఇదివరకటిలా లేదు. పాత లెక్కలు చెప్పేవాళ్ళని నమ్మకండి.

విలన్ ఎవరు?

వేగమే! హీరో, విలన్ ద్విపాత్రాభినయం అన్నమాట.

గాలి ఎదురు ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. 40లో పోయేవాడు 80లో పోతే గాలి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు నెడుతుంది. నా బ్యాటరీ 3.7 యూనిట్లది. 45, 50లో మర్యాదగా పోతే నూరు కిలోమీటర్లు దాటుతుంది. 80లో పట్టిస్తే 65 దగ్గరే ఆయాసపడుతుంది. నా రోజు ప్రయాణం 60! ఎదురుగాలి ఉండి, వెనకాల ఇంకొకరు కూచున్నారంటే ఇంటికి చేరేసరికి నా గుండే తెర మీది శాతం అంకెతోపాటు దిగుతుంటుంది. ప్రకటనలో ఉండే 'సర్టిఫైడ్' దూరం ప్రయోగశాలలో తీసిన లెక్క. 2022లో వచ్చిన 450ఎక్స్‌కి సర్టిఫైడ్ దూరం 146 కిలోమీటర్లయితే, రోడ్డు మీద 105 అని ఆ కంపెనీయే చెప్పింది. కాబట్టి సర్టిఫైడ్ అంకెలో మూడోవంతు కొట్టేసి, ఆ మిగిలింది మీ అవసరానికి సరిపోతేనే కొనండి. వేగం కోసం కొన్న బండిని దూరం కోసం నెమ్మదిగా నడపాలి. ఈ తమాషా షోరూములో ఎవరూ చెప్పరు!

రెండో విలన్ ఎండ. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు మామూలే. లిథియం బ్యాటరీకి వేడి పడదు. ఆయుష్షు తగ్గుతుంది. కొన్ని కంపెనీలు 8 ఏళ్ళు, 80 వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. కొన్నిచోట్ల దానికి విడిగా డబ్బు కట్టాలి. కాగితం చదివి సంతకం పెట్టండి. వారంటీ లేకుండా బ్యాటరీ పోతే బండి ధరలో సగం దాకా వదులుతుంది.

ఇంటర్వెల్లో కరెంటు పోతే...

మొన్న వేసవిలో గాలివానకి రాత్రంతా కరెంటు లేదు. తెల్లారి చూస్తే బండిలో 31 శాతం. ఆరోజు నాయన్ని కంటి పరీక్షకి కర్నూలు తీసుకెళ్ళాలి. దగ్గర దగ్గర 70 కిలోమీటర్లు. పెట్రోలైతే రెండు నిమిషాలు... ఇదేమో ఇంట్లో ప్లగ్గు పెడితే నిండడానికి అయిదారు గంటలు. దారిలో ఫాస్ట్ చార్జర్ దొరికినా, ఒక కంపెనీ ప్లగ్గు ఇంకో కంపెనీ బండికి పట్టకపోవచ్చు. నేను తల పట్టుకుంటే నాయన చేతిసంచీ తీసుకుని, "బస్సుకు కరెంటు అక్కర్లేదు గదప్పా, పా పోదాం" అన్నాడు!

అంతకన్నా పెద్ద బాధ రిపేరు. పెట్రోలు బండికి మా సందు చివర మెకానిక్కన్న ఉన్నాడు. దీనికి సాఫ్ట్‌వేరు తెలిసిన సెంటరే దిక్కు. ఒకసారి తెర ఆరిపోతే నా బండి సామాను కోసం పదకొండు రోజులు సెంటర్లో పడి ఉంది. బస్సు చార్జీలు, ఆలస్యమైన రోజుల జీతం కోత... ఆ నెల చెల్లెలి పుస్తకాలకి అప్పు చెయ్యాల్సి వచ్చింది. ఇది నా ఒక్కడి గోడు కాదు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పదివేలకి పైగా ఫిర్యాదులొచ్చాయని ఒక పెద్ద కంపెనీకి నోటీసు పంపింది. కాబట్టి బండి కన్నా ముందు సెంటరు చూడండి. అక్కడ బయట నిలబడ్డ నలుగురితో మాట్లాడండి. షోరూము వాళ్ళకన్నా వాళ్ళే నిజం చెబుతారు.

డూపు లేని ఫైటు

2022 ఏప్రిల్లో విజయవాడలోనూ, నిజామాబాద్‌లోనూ ఇంట్లో చార్జింగు పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షలు కఠినం చేసింది. 2022 డిసెంబరు నుంచి కొత్త నిబంధనలు అమల్లోకొచ్చాయి. అయినా మన జాగ్రత్త మనది. పడకగదిలో, గుమ్మానికి అడ్డంగా చార్జింగు పెట్టొద్దు. ఎర్తింగు సరిగ్గా ఉన్న ప్లగ్గే వాడండి. ఎండలోంచి వచ్చిన బండిని కాసేపు చల్లారనివ్వండి.

చప్పుడు లేకపోవడమూ ప్రమాదమే. బజారులో ముసలమ్మకి మన బండి వినబడదు, రోడ్డు దాటే మేకకి అసలే వినబడదు. మూడు సెకన్లలో 40 అందుకునే బండి, మూడు సెకన్లలో ఆస్పత్రికీ చేరుస్తుంది. దీనికి రిజిస్ట్రేషనూ, లైసెన్సూ, హెల్మెటూ అన్నీ కావాలి. ఆకుపచ్చ నంబరు ప్లేటు చూసి 'దీనికవసరం లేదులే' అనుకునే తమ్ముళ్ళూ, జాగ్రత్త! సినిమాలో హీరోకి డూపుంటాడు. మనకి లేడు.

మరి కొనొచ్చా?

రోజూ 40 నుంచి 70 కిలోమీటర్లు తిరిగేవారు, ఇంట్లో సొంత ప్లగ్గు ఉన్నవారు, సర్వీసు సెంటరు అందుబాటులో ఉన్నవారు నిక్షేపంగా కొనొచ్చు. అద్దెగదిలో మూడో అంతస్తులో ఉండేవారూ, ఆదోని నుంచి నూరు కిలోమీటర్ల కర్నూలుకి తరచూ పరుగెత్తేవారూ ఆగండి. ఇంట్లో ఇంకో బండి లేకుండా ఇదొక్కటే దిక్కయితే మరీ ఆలోచించండి.

నేను మళ్ళీ కొంటానా అంటే... కొంటాను. నూరు పోయేది మాత్రం కాదు, నూరు ఇచ్చేది! వేగం మొదటివారం మురిపిస్తుంది. నెలాఖరున ఇల్లు నడిపేది మైలేజీయే!