తట్టు వంటి దద్దుర్లు

తట్టు (పొంగు) వ్యాధిలో వలె చర్మంపై చిన్న ఎర్రని మచ్చలు, కొద్దిగా ఉబ్బిన దద్దుర్లు ఏర్పడి ఒకదానితో ఒకటి కలిసిపోవడాన్ని తట్టు వంటి దద్దుర్లు అంటారు. ఆటలమ్మలో వలె నీటి పొక్కులు ఉండవు. నల్లని చర్మంపై ఎరుపు స్పష్టంగా కనిపించకపోవచ్చును. వీటి ముఖ్య కారణాలు వైరస్ వ్యాధులు, మందులు. చూపుకు రెండూ ఒకేలా ఉండవచ్చును గనుక దద్దుర్లకు ముందు ఏమి జరిగినది, అవి ఎక్కడ మొదలైనవి అనేది గమనించాలి.

అంటువ్యాధులు

తట్టులో మొదట జ్వరం, దగ్గు, జలుబు, కళ్ళ ఎరుపు కనిపిస్తాయి. బుగ్గల లోపల తెల్లని కోప్లిక్ మచ్చలు రావచ్చును. వీటిని హెన్రీ కోప్లిక్ 1896లో వర్ణించాడు. కొన్ని రోజుల తరువాత దద్దుర్లు ముఖంపై, చెవుల వెనుక మొదలై క్రిందికి వ్యాపిస్తాయి. రుబెల్లాలో జ్వరం స్వల్పంగా ఉండి, చెవుల వెనుక శోషరస గ్రంథులు వాస్తాయి. డెంగూ జ్వరంలో కూడా దద్దుర్లు రావచ్చును.

మందులు

పెన్సిలిన్ జాతి మందులు, సల్ఫా మందులు, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ తరచుగా కారణమవుతాయి. సాధారణంగా మందు మొదలుపెట్టిన 4 నుండి 14 రోజులలో దద్దుర్లు ఛాతీ, వీపులపై మొదలై, దురదతో కాళ్ళు చేతులకు వ్యాపిస్తాయి. ఒక్కొక్కసారి రెండు కారణాలూ కలుస్తాయి: ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకినవారు ఆంపిసిలిన్ వాడితే దద్దుర్లు రావచ్చును.

ప్రమాద సూచనలు

నోటిలోగాని కళ్ళలోగాని పుండ్లు, చర్మపు నొప్పి, బొబ్బలు, ముఖవాపు ఉంటే తక్షణమే వైద్యశాలకు వెళ్ళాలి. వాడిన మందులన్నీ వైద్యునికి చూపాలి. వీటిని అమ్మవారుగా భావించి అదే మందు కొనసాగిస్తే ప్రాణాపాయం కలుగవచ్చును. తట్టును మందు పడకపోవడంగా పొరబడితే వ్యాధి ఇతరులకు సోకుతుంది. దద్దుర్లకు 4 రోజుల ముందు నుండి 4 రోజుల తరువాత వరకు తట్టు రోగి నుండి ఇతరులకు వ్యాపిస్తుంది.