సింకు గుడగుడలాడుతుందా? ముందు స్లాబు మీది గొట్టం చూడండి



వర్షాకాలంలో గృహ సందర్శనలకు వచ్చినప్పుడు మేము చాలా ఇళ్లలో ఒక మాట చెప్పాము. "సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టంలోనుండి దోమలు వస్తాయి, దాన్ని మూసేయండి" అన్నాము. దోమల సంగతి నిజమే. మూసేయమనడం మాత్రం మా పొరపాటు. జాలీ కట్టమని చెప్పవలసింది. ఆ తేడా ఏమిటో మాకు మా వంటింట్లోనే తెలిసివచ్చింది.

నర్సుల క్వార్టర్స్‌లో గొట్టం మూతికి పాలిథిన్ కవరు చుట్టి సుతిలితో గట్టిగా బిగించాము. దోమలు తగ్గాయని సంతోషించాము కూడా. కొద్ది రోజులకు సింకులో నీళ్లు వదిలితే చివర్లో గుడగుడమని చప్పుడు మొదలైంది. పక్కన లెట్రిన్‌లో బకెట్ నీళ్లు కుమ్మరిస్తే ఇక్కడ సింకులో బుడగలు లేచేవి. ఆ వెనుకే కుళ్లిన కోడిగుడ్డు వాసన.

అందరిలాగే మేమూ పైపు జామ్ అయిందనుకున్నాము. ఒక సిస్టరు బ్లీచింగ్ పౌడరు వేసింది. చప్పుడు పోలేదు. అది తెలియక కాసేపటికి వంటమనిషి టాయిలెట్ కడిగే యాసిడ్ పోసింది. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆమె దగ్గుతూ, కళ్లు నలుపుకుంటూ బయటికి పరుగెత్తింది. ఆక్సిజన్ పెట్టి రాత్రంతా వార్డులో ఉంచవలసి వచ్చింది. దేవుని దయవలన కోలుకున్నది. దవాఖానాలో పనిచేసే వాళ్లమే ఇలా చేశాము గనుక, మీ ఇళ్లలో ఈ రెండు డబ్బాలూ ఒకచోట పెట్టవద్దని చేతులు జోడించి అడుగుతున్నాము. యాసిడ్‌ను మంచినీళ్ల సీసాలో పోసి పెట్టవద్దు. పిల్లలకు సీసా తెలుస్తుంది కాని లోపల ఏముందో తెలియదు.

మరునాడు వచ్చిన ప్లంబరు సింకు కింద చూడనే లేదు. నేరుగా స్లాబు ఎక్కాడు. కవరు కోసి పారేశాడు. కింద సింకు చప్పుడు ఆపేసింది.

మాకు సిగ్గనిపించింది, ఎందుకంటే ఈ సూత్రం మేము రోజూ వార్డులో చూసేదే. మా శిక్షణ రోజుల్లో సెలైను గాజు సీసాల్లో వచ్చేది. సీసా మూతకు గాలి కోసం ఇంకొక సూది గుచ్చకపోతే చుక్కలు కాసేపు పడి ఆగిపోయేవి. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె గడగడమంటూ ఆగి ఆగి పడుతుంది, రెండో చిల్లు పెడితే సాఫీగా కారుతుంది. పైపులోనూ అంతే. కిందికి దిగే నీరు తన వెనుక గాలిని లాగుతుంది, తన ముందున్న గాలిని నెడుతుంది. గొట్టం తెరిచి ఉంటే ఆ గాలి పైనుండి వచ్చి పోతుంది. మూసి ఉంటే సింకు దారినే వస్తుంది, పోతుంది.

సింకు కింద పైపు వంపు తిరిగి ఉంటుంది, దాన్ని ట్రాప్ అంటారు. ఆ వంపులో సుమారు 2 అంగుళాల నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. ఛాతీలో చేరిన గాలిని, చీమును తీయడానికి గొట్టం వేసిన రోగి మంచం కింద సీసా చూశారు కదా? గొట్టం చివర నీటిలో మునిగి ఉంటేనే బయటి గాలి ఛాతీలోకి పోదు. ట్రాప్‌లోని నీరు కూడా అలాంటి తలుపే. గుడగుడమన్నదంటే గాలి ఆ తలుపును తోసుకొని పోతున్నదని అర్థం. అలా పోయినప్పుడల్లా కొంత నీరు తగ్గుతుంది. తలుపు తెరుచుకుంటే దుర్వాసన, బొద్దింకలు నేరుగా వంటింట్లోకి వస్తాయి.

ఇది చిన్న విషయం అనుకోకండి. 2003లో సార్స్ వ్యాధి వచ్చినప్పుడు హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే అపార్టుమెంట్లలో 300 మందికి పైగా జబ్బుపడ్డారు. విరేచనాలతో ఉన్న ఒక రోగి అక్కడి బంధువుల ఇంటికి వచ్చి వెళ్లాడు. బాత్రూములను నీళ్లు పోసి కడగక తడిగుడ్డతో తుడవడం వల్ల నేల మీది ట్రాప్‌లలో నీరు ఎండిపోయిందనీ, ఎగ్జాస్టు ఫ్యాను లాగిన గాలితో పాటు మురుగు పైపులోని తుంపరలు గదుల్లోకి వచ్చాయనీ అధికారులు కనుగొన్నారు.

మన పెద్దల కాలంలో ఈ బాధ లేదు. జాలారి నీళ్లు పెరట్లో అరటిచెట్టుకు పోయేవి, మార్గమంతా గాలే. ఇప్పుడు పిట్లంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ స్లాబు ఇళ్లు లేచాయి. చాలాచోట్ల సింకు పైపును లెట్రిన్ పైపుతో కలిపి ట్యాంకుకు ఇస్తున్నారు. కొన్నిచోట్ల ట్రాపే లేదు. ముడతల ప్లాస్టిక్ పైపును నేల రంధ్రంలో దూర్చి వదిలేస్తారు. ఇల్లు కట్టేటప్పుడే మేస్త్రీని అడగండి. వంటింటి నీళ్లు బయట గల్లీ ట్రాప్ జాలీ మీద, గాలి తగిలేలా పడితే అన్నిటికన్నా సులువు. అక్కడినుండి ఇంకుడు గుంతకు పంపవచ్చు. కలిపి ఇవ్వక తప్పదంటే ట్రాప్ దాటిన వెంటనే ఒక గాలి గొట్టం తీయించాలి. అది సింకు అంచుకన్నా పైకి నిట్టనిలువుగా లేచిన తరువాతే పక్కకు తిరగాలి, చివర స్లాబు దాటి పైకి పోవాలి, కిటికీ పక్కన ఆగకూడదు. ట్రాప్‌కు ముందు, అంటే సింకు వైపు తీస్తే ప్రయోజనం లేదు.

సెప్టిక్ ట్యాంకు గొట్టం వెడల్పు కనీసం 50 మిల్లీమీటర్లు ఉండాలనీ, మూతికి దోమల జాలీ ఉండాలనీ మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. మేము మరచిపోయింది ఆ జాలీ సంగతే.

గొట్టం తెరిచే ఉండి, అప్పటికీ సింకులన్నీ గుడగుడమంటే ట్యాంకు నిండి ఉండవచ్చు. మూత తీసి ఎవరినీ లోపలికి దింపవద్దు. అక్కడి విషవాయువు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు. మనిషి క్షణాల్లో పడిపోతాడు, తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మిషను బండినే పిలవండి.

గల్ఫ్‌కో, హైదరాబాదుకో పోయి ఇల్లు నెలల తరబడి తాళం వేసేవాళ్లు వెళ్లేముందు ప్రతి ట్రాప్‌లో చెంబెడు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేయండి, నీరు త్వరగా ఆవిరి కాదు. తిరిగి వచ్చాక ముందు కిటికీలు తీసి, మళ్లీ నీళ్లు పోయండి.

మా మాట విని గొట్టం మూసినవాళ్లు ఈ వారమే కవరు తీసేయండి. నైలాన్ జాలీ ముక్కను సన్నని తీగతో కట్టండి. నూలు దారం ఎండకు చివికిపోతుంది. ఆకులు, కందిరీగల గూళ్లు అడ్డుపడ్డాయేమో మూడు నెలలకొకసారి చూడండి. ఎలా కట్టాలో తెలియకపోతే ఆదివారం ఆరాధన తరువాత క్వార్టర్స్ వెనుకకు రండి, మా గొట్టం చూపిస్తాము.