కొసన కాలే తీగ

పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదుకు పడమట ఔటర్ రింగు రోడ్డును ముత్తంగి దగ్గర కలుస్తుంది. అటు పటాన్‌చెరు, ఇటు ఇస్నాపూర్, పాశమైలారం. మందులు, ఐస్‌క్రీములు, గడ్డకట్టించిన చేపలు మోసే రీఫర్ లారీలు ఇలాంటి దారుల్లో రాత్రీ పగలూ నడుస్తాయి. సినిమా షూటింగులకు తిరిగే క్యారవాన్లకూ ఇవే రోడ్లు. ఈ రెండు రకాల బండ్లకూ ఒక పోలిక ఉంది. ఇంజను ఆగినా వీటి లోపలి పని ఆగకూడదు. లారీ ఆగాక మందుపెట్టె చల్లదనం నిలవాలి, క్యారవాన్ ఆగాక ఏసీ, గీజరు నడవాలి. అందుకే ఆగిన చోట గోడ మీది సాకెట్టు నుంచో, జనరేటర్ వ్యాను నుంచో ఒక లావుపాటి తీగ తెచ్చి బండికి తగిలిస్తారు. ఏసీ ఉన్నట్టుండి ఆగిపోతే, లైట్లు మినుకుమంటే, డోరు ముట్టుకోగానే చేయి జిల్లుమంటే అందరి చూపూ ఆ తీగ పొడవు మీదికీ, బండి లోపలి యంత్రాల మీదికీ పోతుంది. వెతకాల్సిన చోటు అది కాదు. రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకే కొస దగ్గర, అంటే పిన్నూ సాకెట్టూ కలిసే చోట, స్క్రూ కింద తీగ నలిగే చోట ముందుగా వెతకాలి. ప్లగ్గు అనే వస్తువు నూట ఇరవై ఏళ్ల చరిత్ర నిండా ఆ కాంటాక్టును కాపాడటానికి పడిన పాట్లే కనిపిస్తాయి.

1904లో అమెరికాలో హార్వే హబ్బెల్‌కు విడదీయగల ప్లగ్గు మీద పేటెంటు వచ్చేనాటికి ఇళ్లలో కరెంటు ఉన్నది ప్రధానంగా దీపానికే. వేరే ఏ సామాను నడపాలన్నా బల్బు తీసి ఆ హోల్డరులోనే బిగించాలి. తీగను తేలిగ్గా తగిలించి తేలిగ్గా తీయడం హబ్బెల్ తెచ్చిన సౌకర్యం. శాశ్వతంగా బిగించిన జాయింటు స్థానంలో రోజూ ఊడి రోజూ అతికే కాంటాక్టు వచ్చింది, దాని వెంట కొత్త ప్రమాదమూ వచ్చింది. బ్రిటన్ 1934లో బీఎస్ 546 ప్రమాణంతో గుండ్రటి పిన్నుల ప్లగ్గులను ఒక క్రమంలో పెట్టింది. 1947లో తాను దీర్ఘచతురస్రపు పిన్నులకు, ప్లగ్గులోనే ఫ్యూజు ఉండే బీఎస్ 1363కు మారిపోయింది. మనం గుండ్రటి పిన్నులతోనే ఉండిపోయాం. ఇవాళ ఐఎస్ 1293 కింద 6, 16 ఆంపియర్ల ప్లగ్గులుగా మన గోడలకు ఉన్నవి ఆ సంతతే. వాటిలో ఎర్తు పిన్ను మిగతా రెండింటికంటే లావు, పొడవు. లావు వల్ల అది ఫేజు రంధ్రంలో దూరదు. పొడవు వల్ల అన్నిటికంటే ముందు తాకి, అన్నిటికంటే చివర విడిపోతుంది. ఫ్యాక్టరీల్లో, ఓడరేవుల్లో, యూరప్ క్యారవాన్ పార్కుల్లో కనిపించే మూతలున్న గుండ్రటి ప్లగ్గులు ఐఈసీ 60309 ప్రమాణానికి చెందినవి. వాటిలో 110 వోల్టులకు పసుపు, 230కి నీలం, 400కు ఎరుపు. ఎర్తు పిన్ను స్థానాన్ని గడియారంలో గంటలతో చెబుతారు. మామూలు నీలం ప్లగ్గులో ఆరు గంటల చోట ఉంటే, రీఫర్ కంటెయినరు ప్లగ్గులో మూడు గంటల చోట ఉంటుంది. దాంతో ఒకదాని సాకెట్టులో ఇంకొకటి పొరపాటున కూడా పట్టదు. భీమవరం చెరువుల రొయ్యలు విశాఖ రేవులో ఓడెక్కే దాకా మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలిచేది ఆ మూడు గంటల ప్లగ్గు చలవే.

కాంటాక్టు ఎందుకంత సున్నితమో స్వీడన్ శాస్త్రవేత్త రాగ్నార్ హోల్మ్ బెర్లిన్‌లో సీమెన్స్ కంపెనీలో పనిచేస్తూ విడమరిచాడు. కంటికి ఎంత నున్నగా కనిపించినా లోహపు ముఖం నిండా సూక్ష్మమైన గుట్టలూ గుంటలే. రెండింటిని అదిమిపెడితే నిజంగా తాకేవి కొన్ని చుక్కలే. కరెంటంతా ఆ చుక్కల గుండానే ఇరుక్కుంటూ పోవాలి. నొక్కుడు బాగుంటే చుక్కలు పెరుగుతాయి, నిరోధం ఓము వెయ్యో వంతుల్లో ఉంటుంది. స్ప్రింగు సడలినా, తుప్పు పొర కమ్మినా చుక్కలు తగ్గి నిరోధం వందల రెట్లు పెరుగుతుంది. వేడెక్కిన ఇత్తడి తన పట్టు ఇంకా కోల్పోతుంది. పట్టు పోతే వేడి పెరుగుతుంది, వేడికి తుప్పు పొర మందమవుతుంది. ఈ చక్రం ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగదు. ముత్తంగి పరిసరాలు దానికి ఆజ్యం పోస్తాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాలను లెక్కిస్తే పటాన్‌చెరు–బొల్లారం అందులో ఉంది. ఆమ్లాల ఆవిర్లు తగిలే చోట రాగి, ఇత్తడి తొందరగా నల్లబడతాయి. దానికి హైవే దుమ్ము, వానాకాలపు తేమ తోడవుతాయి. పైగా బండి తిరిగినంతసేపూ అదురుతూనే ఉంటుంది కాబట్టి స్క్రూలు వదులవుతాయి.

ఇక లెక్కలోకి వద్దాం, నా వాదనకు అసలు బలం అక్కడే. ఒకటిన్నర టన్నుల ఏసీ, రెండు కిలోవాట్ల గీజరు కలిసి నడిస్తే 15 ఆంపియర్ల చుట్టూ తీసుకుంటాయి. బండికీ సాకెట్టుకూ మధ్య 30 మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉందనుకుందాం. పోను, రాను కలిపి దాని నిరోధం సుమారు 0.48 ఓములు. 15 ఆంపియర్లకు అందులో 7 వోల్టులు తగ్గుతాయి, 108 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడి 30 మీటర్ల మీద పరుచుకుంటుంది, మీటరుకు నాలుగు వాట్లు కూడా పడవు. ముట్టుకుంటే గోరువెచ్చన. ఇప్పుడు ఒక్క పిన్ను దగ్గర 0.1 ఓము నిరోధం చేరిందనుకుందాం. తగ్గేది ఒకటిన్నర వోల్టే, దాన్ని ఏ బల్బూ చెప్పదు. అక్కడ పుట్టేది 22 వాట్లు, తీగలో పుట్టేదానిలో అయిదో వంతు. కానీ అది గోరంత లోహంలో, గాలి ఆడని ప్లగ్గు లోపల పుడుతుంది. రేడియో రిపేరు బల్లల మీద సీసాన్ని కరిగించే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాన్ని ప్లగ్గులో పెట్టి మూసేసినట్టే ఇది. మామూలు పీవీసీ తొడుగు ఓర్చుకునేది 70 డిగ్రీలు. మొత్తంగా ఎక్కువ వేడి పుట్టిన తీగ క్షేమంగా ఉంటుంది, తక్కువ వేడి పుట్టిన కొస కాలిపోతుంది.

ఎంసీబీ ఉండగా భయమెందుకని అడిగేవాళ్లున్నారు. ఎంసీబీ చూసేది ఎంత కరెంటు పోతోందని మాత్రమే. పాడైన కాంటాక్టు కరెంటును పెంచదు, పైగా రవ్వంత తగ్గిస్తుంది. 15 ఆంపియర్లే పోతున్నాయి కనుక 16 ఆంపియర్ల ఎంసీబీ లెక్కలో అంతా సవ్యమే. ప్లగ్గు నల్లగా మాడి, తొడుగు కరిగి, ఫేజూ న్యూట్రలూ ఒకదాన్నొకటి తాకిన తర్వాత గాని అది పడదు. రెండో అభ్యంతరం తీగ మందం గురించి. సన్నటి తీగ వాడితే తప్పు తీగదే కదా అంటారు. నిజమే, బల్బుల కోసం కొన్న ఎక్స్‌టెన్షన్ తీగతో ఏసీ నడిపితే తీగే కాలుతుంది. మంచి తీగైనా డ్రమ్ముకు చుట్ట చుట్టి ఉంచి భారం వేస్తే వేడి బయటికి పోయే దారి లేక లోపలి చుట్లు మెత్తబడతాయి, అందుకే వాడేటప్పుడు మొత్తం విప్పాలి. కానీ ఈ రెండూ ఎంపికలో, వాడకంలో జరిగే తప్పులు. నిన్నటి దాకా బాగా నడిచిన సరైన తీగ ఇవాళ మొరాయిస్తే కారణం మందంలో ఉండదు, రాగి ఒక్క రాత్రిలో సన్నబడదు. అమెరికాలో ఆర్వీలనే ఇంటి బండ్లు ఆగే పార్కుల్లో 120 వోల్టుల 30 ఆంపియర్ల ప్లగ్గులు కాలడం ఎందుకంత మామూలో కూడా ఈ లెక్కే చెబుతుంది. 3,600 వాట్లకు అక్కడ 30 ఆంపియర్లు పోవాలి, మన 230 వోల్టుల మీద 16 లోపే సరిపోతాయి. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి అదే 0.1 ఓము కాంటాక్టులో ఇక్కడ 25 వాట్లు పుడితే అక్కడ 90 పుడతాయి. ఆర్వీ అద్దెకు తీసుకుని జాతీయ పార్కులకు వెళ్లే మనవాళ్లు తగిలించే ముందు ఆ సాకెట్టు లోపలికి ఒకసారి తొంగి చూడటం మంచిది.

కాంటాక్టు పోవడంలోనూ తేడాలున్నాయి. ఫేజు పోతే చీకటి, వెంటనే తెలుస్తుంది. త్రీఫేజు సరఫరాలో న్యూట్రలు వదులైతే సామాను బలి. ఒక ఫేజు మీద వోల్టేజీ పడిపోయి ఇంకోదాని మీద 400 వైపు ఎగబాకుతుంది. న్యూట్రలు పోయి వీధంతా టీవీలు కాలిపోవడం మన కాలనీలకు కొత్తేం కాదు, జనరేటర్ వ్యాను నుంచి త్రీఫేజు తీసుకునే బండికీ అదే గతి. ఎర్తు పోతే మాత్రం ఏమీ తెలియదు. లైట్లు వెలుగుతాయి, ఏసీ నడుస్తుంది. బండి రబ్బరు టైర్ల మీద, నేలతో సంబంధం లేకుండా నిలబడి ఉంటుంది. గీజరు లోపల రవ్వంత లీకున్నా ఇనుప బాడీ మొత్తం కరెంటెక్కి కూర్చుంటుంది. తడినేల మీద కాలు పెట్టి డోరు పట్టుకున్న మొదటి మనిషే దానికి ఎర్తు. మనిషి ప్రాణానికి 30 మిల్లీ ఆంపియర్ల పైన ముప్పు మొదలైతే, 16 ఆంపియర్ల ఎంసీబీకి అది అయిదు వందల వంతు కంటే తక్కువ, లెక్కలోకే రాదు. అందుకు ఉన్నది, బయటికి కారే కరెంటును పసిగట్టి సరఫరా ఆపే ఆర్‌సీసీబీ. మాటిమాటికీ పడుతోందని దాన్ని తప్పించడం, ఎర్తు పిన్ను కోసేయడం, ప్లగ్గే లేకుండా రెండు తీగలు సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లలతో బిగించడం మన దగ్గర చూడని సైటు లేదు. పని ఆగకూడదన్న తొందర అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆర్‌సీసీబీ పడిందంటే ఎక్కడో కరెంటు బయటికి కారుతోందని అర్థం. ఒక్కో సామాను తీసేస్తూ పోతే దొంగ దొరుకుతుంది. జనరేటరు విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. దాని న్యూట్రలును జనరేటరు దగ్గరే ఎర్తుకు కలపకపోతే బండిలోని ఆర్‌సీసీబీ అవసరమైనప్పుడు పడకపోవచ్చు.

పరీక్ష కూడా ఈ వాదన చూపిన వరుసలోనే సాగాలి. టెస్టరు వెలిగిందని కరెంటు బాగుందనుకోకూడదు. టెస్టరుకు కావలసింది మైక్రో ఆంపియర్లు, వెంట్రుకంత కాంటాక్టు మిగిలినా వెలుగుతుంది. భారం వేసి చూడాలి. ఏసీ, గీజరు నడుస్తుండగా, పని తెలిసిన ఎలక్ట్రీషియను మల్టీమీటరుతో సరఫరా కొసన ఒకసారి, బండి కొసన ఒకసారి వోల్టేజీ కొలవాలి. ఆ రెండింటి తేడా తీగదీ దాని జాయింట్లదీ. పై లెక్క ప్రకారం తీగకు 7 వోల్టులు పోవాలి. 15 పోతుంటే మిగిలిన 8 కాంటాక్టుల్లో ఉన్నట్టు. అరగంట భారం తర్వాత ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును ప్లగ్గుల మీద పెడితే ఏ కొసో కూడా దొరుకుతుంది. ఆపైన సరఫరా పూర్తిగా ఆపి, ప్లగ్గు విప్పి చూడాలి. రంగు మారిన పిన్ను, గట్టిపడిన తొడుగు, సీసం పూసి స్క్రూ కింద బిగించిన తీగ కొసలు కనిపించవచ్చు. సీసం పూయడం మంచి పనితనమని చాలామంది నమ్ముతారు, కానీ మెత్తటి సీసం నొక్కుడు కింద నెమ్మదిగా జారి స్క్రూ వదులవుతుంది. తీగ పోగులకు లగ్గు నొక్కి బిగించడమే సరైన పద్ధతి. ఎర్తు సంగతి భారంతో తేలదు, ఒక కొస నుంచి ఇంకో కొసకు ఎర్తు తీగ తెగకుండా ఉందో లేదో విడిగా మీటరుతో చూసుకోవాలి. మాడిన ప్లగ్గు మార్చి పాత సాకెట్టునే ఉంచేయడం చాలాచోట్ల జరిగే తప్పు. సడలిన సాకెట్టు స్ప్రింగు కొత్త పిన్నును కూడా పట్టుకోలేదు, కొత్త ప్లగ్గు కూడా కాలుతుంది. అప్పుడు కొత్త ప్లగ్గు నాసిరకమని కంపెనీని తిట్టుకుంటాం.

పెద్ద డబ్బు, పెద్ద సరుకు ఆధారపడిన చోట ఇంజనీర్లు ఏం చేశారో చూస్తే ఈ వాదనకు సాక్ష్యం దొరుకుతుంది. రేవుల్లో రీఫర్ సాకెట్టుకు ఇంటర్‌లాక్ పెట్టారు, ప్లగ్గు పూర్తిగా దిగితే గాని స్విచ్చి పడదు, స్విచ్చి తీస్తే గాని ప్లగ్గు ఊడదు. కాంటాక్టు కలిసేటప్పుడు, విడిపోయేటప్పుడు అందులో కరెంటు లేకుండా చూడటమే ఉద్దేశం. మన దేశం విద్యుత్ వాహనాలకు తొలినాళ్లలో రూపొందించిన భారత్ ఏసీ-001 చార్జరుకు నీలం రంగు ఐఈసీ 60309 ప్లగ్గునే తీసుకున్నారు. తర్వాత వ్యాపించిన టైప్-2 ప్లగ్గులో రెండు చిన్న సంకేతపు పిన్నులు చేరాయి. కాంటాక్టు కుదిరిందని అవి చెప్పాకే కరెంటు పారుతుంది, విడిపోకముందే ఆగుతుంది. వేగంగా చార్జి చేసే డీసీ ప్లగ్గుల్లో థర్మామీటరు కూడా అమర్చారు. దాన్ని పెట్టింది పిన్నుల పక్కన.

ఆగిన లారీకీ, క్యారవాన్‌కూ వాడే మన మామూలు ప్లగ్గులో అలాంటి థర్మామీటరు లేదు, ఆ పని మనుషులే చేయాలి. బండి తిప్పేవాళ్లు, సైటు ఎలక్ట్రీషియన్లు, గోదాము యజమానులు ఇంతమాత్రం పట్టించుకోవాలి. వానలకు ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి ప్రతి ప్లగ్గూ విప్పి స్క్రూలు బిగించండి. ప్లగ్గు మాడితే సాకెట్టు కూడా మార్చండి. ఎర్తు పిన్ను కోసిన ప్లగ్గు ఎంత తొందరలోనైనా బండికి తగిలించకండి.