కదలని కారవాన్ మీద పన్ను పడితే!

కారవాన్ అనగానే మనకు గుర్తొచ్చేది సినిమా హీరో ఏసీ బస్సు. షాట్ గ్యాప్‌లో ఎక్కి కూర్చుంటారే, అదన్నమాట. ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న ఫ్రెండ్ ‘సముద్రం ఒడ్డున కారవాన్ బుక్ చేశా, వచ్చెయ్’ అంటే నేనూ అదే ఊహించుకుని వెళ్లాను.

హల్ నగరం నుంచి బస్సులో ఓ గంట ప్రయాణం. ఊరి పేరు విథర్న్‌సీ. లైట్‌హౌస్ ఒడ్డు మీద కాకుండా ఇళ్ల మధ్యలో ఉంటుంది, అదో వింత. ఇక మా కారవాన్ చూస్తే రేకు గోడల చిన్న ఇల్లు! రెండు బెడ్‌రూములు, గ్యాస్ పొయ్యి, బాత్‌రూమ్. కింద చక్రాలున్నాయి కానీ కదలదు. లారీ మీద తెచ్చి పెడితే ఏళ్ల తరబడి అక్కడే. దీన్ని స్టాటిక్ కారవాన్ అంటారు.

పక్క కారవాన్ పెద్దాయన టీకి పిలిచారు. హల్‌లో ఇవి తయారుచేసే ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరయ్యారట. బ్రిటన్ కారవాన్లలో ఎక్కువ భాగం హల్ చుట్టుపక్కలే తయారవుతాయి. మాటల్లో 2012 ప్రస్తావన రాగానే ఆయన మొహం మారిపోయింది.

ఆ ఏడాది మార్చి 21న బడ్జెట్‌లో ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ స్టాటిక్ కారవాన్ల మీద 20 శాతం వ్యాట్ ప్రకటించారు. అక్టోబర్ నుంచి అమలు. అప్పటిదాకా పన్ను సున్నా. కారు వెనక కట్టుకుని తిరిగే కారవాన్‌కి 20 శాతం ఉంది కదా, దీనికెందుకు లేదు అన్నది ప్రభుత్వం వాదన. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ లెక్క వేయండి. కారవాన్ ధర 40 వేల పౌండ్లు అనుకుంటే, ఒక్కసారిగా 8 వేలు అదనం!

కొనేవాళ్లు కోటీశ్వరులా అంటే కాదు. డబ్బున్నవాళ్లు ఎండ కోసం స్పెయిన్ వెళతారు. ఇక్కడికొచ్చేది ఎక్కువగా పక్క ఊళ్ల మామూలు జనం, రిటైరైనవాళ్లు. ఒక్క కుటుంబం కారవాన్ కొంటే పార్కు యజమానికి అమ్మకం మీద లాభం, ఏటా స్థలం అద్దె. ఆ కుటుంబం శని, ఆదివారాలు వస్తుంది. ఫిష్ అండ్ చిప్స్ తింటుంది, పిల్లలు గేమ్ మెషిన్లలో చిల్లరంతా పోస్తారు, గ్యాస్ సిలిండర్ కావాలి, పైపు లీకైతే ప్లంబర్ రావాలి. ఆ కుటుంబం కొనడం మానేస్తే పోయేది ఒక్క డబ్బా అమ్మకం కాదు, ఏళ్ల తరబడి రావాల్సిన ఈ ఖర్చంతా.

ఇక్కడ ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఈ తీరమంతా మెత్తటి బంకమట్టి. సగటున ఏడాదికి సుమారు 2 మీటర్లు సముద్రంలో కలిసిపోతోంది. ముందు వరస కారవాన్లను వెనక్కి లాక్కోవాలి, అది పార్కులకు అదనపు ఖర్చు. అమ్మకాలు తగ్గితే ఆ డబ్బు ఎక్కణ్నుంచి తేవాలి?

గొడవ పెద్దదైంది. ప్రతిపక్షమే కాదు, గ్రాహం స్టూవర్ట్, డేవిడ్ డేవిస్ లాంటి అధికారపార్టీ స్థానిక ఎంపీలు కూడా అడ్డం తిరిగారు. చివరికి మే 28న ప్రభుత్వం దిగొచ్చింది. పన్ను 5 శాతమే, అదీ 2013 ఏప్రిల్ నుంచి. ‘ఆ రెండు నెలలూ మా లైన్‌లో ఎవరికీ సరిగా నిద్ర లేదు’ అన్నారు పెద్దాయన.

మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. రోజుకి వెయ్యి రూపాయల లోపు అద్దె ఉన్న హోటల్ గదులకి జీఎస్టీ ఉండేది కాదు. 2022 జులైలో 12 శాతం వేశారు, 2025 సెప్టెంబర్‌లో 5 శాతానికి దించారు. ఫైవ్‌స్టార్‌లో దిగేవాడికి వంద రూపాయల తేడా కనిపించదు. బీచ్ చూడ్డానికి పిల్లల్తో వచ్చి చిన్న లాడ్జిలో దిగేవాడు మాత్రం ఆ వందతో టిఫిన్లు పెట్టించాలనుకుంటాడు.

నేను పన్నులే వద్దనను. 5 శాతం కట్టుకుంటూ ఆ పార్కులు నడుస్తూనే ఉన్నాయి. కాకపోతే ఆ 20 రాసినవాళ్లు ఓ వారాంతం విథర్న్‌సీలో గడిపి ఉంటే బాగుండేది.

కారవాన్ పన్ను తగ్గించిన రోజే వేడి పేస్ట్రీల పన్ను మీద కూడా వెనక్కి తగ్గారు. మన కర్రీపఫ్ లాంటి పాస్టీ మామూలుగా చల్లారుతూ ఉంటే వ్యాట్ లేదు, వేడిగా ఉంచి అమ్మితే 20 శాతం! ఆ సాయంత్రం గాలికి వణుకుతూ మేం తిన్న చిప్స్‌కి మాత్రం ఏ మినహాయింపూ లేదు. పొట్లం కట్టి ఇచ్చే వేడి చిప్స్ మీద 1984 నుంచీ వ్యాట్ ఉంది.