మాస్టర్ వేణు వృత్తిజీవితం – తెలుగు సినిమా పాటలో వాద్య సంవిధానం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
సినిమా పాటను బాణీ, సాహిత్యం, గానం అనే మూడు కోణాల నుంచి చర్చించడం మనకు అలవాటు. ఆ బాణీని ఏ వాద్యాలు, ఏ క్రమంలో, ఎంత మోతాదులో వినిపించాలో నిర్ణయించే వాద్య సంవిధానం ఈ చర్చలో అరుదుగా కనిపిస్తుంది. సంగీత దర్శకుడిగా ప్రసిద్ధి పొందక ముందే వాద్యబృంద నిర్వాహకుడిగా ఎదిగిన మాస్టర్ వేణు వృత్తిజీవితం ఆధారంగా ఈ కళ స్వరూపాన్ని వివరించడం, దాని కర్తృత్వం మరుగున పడటానికి కారణాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వాద్య సంవిధానం, మాస్టర్ వేణు, హేమండ్ ఆర్గాన్, బిగ్ బ్యాండ్, మాయాబజార్, కర్తృత్వం.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాద్ తూర్పు భాగాన దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వరకు ఉన్న ఫంక్షన్ హాళ్లలోను, వినాయక చవితి మంటపాల దగ్గర జరిగే సంగీత విభావరులలోను పాత సినిమా పాటలకు నేటికీ ఆదరణ ఉంది. అటువంటి వేదికపై సాధారణంగా ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, ఒక తబలా, ఇద్దరు ముగ్గురు గాయకులు ఉంటారు. పల్లవి ముగిసి చరణం మొదలయ్యే లోపు వచ్చే వాద్య ఖండికను కీబోర్డు వాద్యకారుడు ఒక్కడే వాయిస్తాడు. ఒకప్పుడు వయొలిన్లు, వేణువు, క్లారినెట్, సితార్ కలిసి పలికిన ఖండిక అది. అందులో ఒక్క స్వరం తప్పినా శ్రోత గుర్తుపడతాడు. పాడుతున్నది అసలు గాయని కాకపోయినా సరిపెట్టుకునే శ్రోత ఆ ఖండిక మారితే ఒప్పుకోడు. అంటే పాటలో మన జ్ఞాపకానికి అంటుకున్నది గాయకుడి గొంతు మాత్రమే కాదు. అయితే ఆ ఖండికను కూర్చినవారెవరు అని అడిగితే సమాధానం చెప్పగలవారు తక్కువ. ఈ ఖాళీయే ప్రస్తుత పరిశీలనకు ప్రేరణ.

2. వాద్య సంవిధానం – స్వరూపం:

బాణీ ఒక్క గొంతుతో, ఒక్క హార్మోనియంతో పూర్తవుతుంది. దాన్ని వాద్యబృందానికి పంచిపెట్టడం వేరే పని. ఆరంభ సంగీతం ఎంతసేపు ఉండాలి? గాయని ఊపిరి తీసుకునే చోట ఏ వాద్యం జవాబివ్వాలి? రెండో చరణానికి ముందు వచ్చే ఖండిక మొదటిదానికి పునరుక్తిగా ఉండాలా, భిన్నంగా ఉండాలా? వయొలిన్లు బాణీని అనుసరించాలా, దానికి కింద మరో వరుస నడపాలా? ఈ నిర్ణయాల సమాహారమే వాద్య సంవిధానం.

ఈ పని ప్రత్యేక వృత్తిగా స్థిరపడినది అమెరికా బిగ్ బ్యాండ్ యుగంలో. 1920, 30 దశకాలలో అక్కడి నృత్యశాలల్లో పన్నెండు నుంచి పదహారు మంది వాద్యకారులతో కూడిన బృందాలు వెలిశాయి. అంతమంది ఎవరికి తోచింది వారు వాయిస్తే సంగీతం నిలవదు. అందువల్ల ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఒక వర్గంగా, శాక్సఫోన్లు మరొక వర్గంగా విడదీసి, ఒక వర్గం ప్రశ్నిస్తే మరొకటి జవాబిచ్చేలా కాగితం మీద రాసే నిపుణులు అవసరమయ్యారు. డాన్ రెడ్‌మన్, ఫ్లెచర్ హెండర్సన్ (1897–1952) వారిలో ముఖ్యులు. హెండర్సన్ న్యూయార్క్‌లో స్వయంగా బృందాన్ని నడిపారు. 1934లో అది చెదిరిపోయాక ఆయన సంవిధానాలు బెన్నీ గుడ్‌మన్ బృందానికి చేరాయి. 1935లో గుడ్‌మన్ రికార్డు చేసిన ‘కింగ్ పోర్టర్ స్టాంప్’ ఇందుకు చక్కని ఉదాహరణ. ఆ రచన జెల్లీ రోల్ మోర్టన్‌ది, సంవిధానం హెండర్సన్‌ది, లోకంలో పేరు గుడ్‌మన్‌ది. ఒకే కృతి వెనుక మూడు చేతులు ఉన్నాయి. మధ్య చేయి మాత్రం సామాన్య శ్రోతకు కనబడలేదు. తెలుగు సినిమా సంగీతంలోనూ ఇదే అమరికను చూడవచ్చు.

3. బందరు నుంచి మద్రాసుకు:

మాస్టర్ వేణు అసలు పేరు మద్దూరి వేణుగోపాల్. 1916లో మచిలీపట్నంలో జన్మించారు. బొంబాయిలో మనహర్ బర్వే సంగీత పాఠశాలలో శిక్షణ పొందారు. తరువాత మద్రాసులో హెచ్.ఎం.వి. గ్రామఫోన్ సంస్థలో వాద్యబృంద నిర్వాహకుడిగా పనిచేశారు. ఆయన వృత్తి తొలి దశ గ్రామఫోన్ స్టూడియోలో గడవడం గమనించదగిన అంశం.

నిమిషానికి 78 సార్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాలకు కొంచెం ఎక్కువ. కచేరీలో గంటసేపు సాగే రాగభావాన్ని ఆ వ్యవధిలో ఇమడ్చాలంటే ఆరంభ సంగీతానికి కొన్ని క్షణాలు, మధ్య ఖండికకు మరికొన్ని క్షణాలు మాత్రమే మిగులుతాయి. పైగా నాటి ధ్వనిముద్రణలో తరువాత సరిదిద్దుకునే వీలు లేదు. గాయకుడు, వాద్యకారులు ఒకేసారి వాయించాలి. ఎవరు తప్పినా అందరూ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మైకుకు ఎవరు దగ్గరగా, ఎవరు దూరంగా కూర్చోవాలన్నది కూడా సంవిధానంలో భాగమే. ఈనాడు మిక్సింగ్ యంత్రం చేసే పనిలో కొంత ఆనాడు కుర్చీల అమరిక చేసింది. పొదుపు, స్పష్టత, ముందస్తు ప్రణాళిక ఈ రంగం కోరే గుణాలు. ఆ తరువాత సినిమా పాటకు కావలసినవీ ఇవే.

4. విజయా సంస్థ – హేమండ్ ఆర్గాన్:

నాగిరెడ్డి, చక్రపాణి నెలకొల్పిన విజయా సంస్థ ‘పాతాళభైరవి’ (1951) చిత్రానికి ఘంటసాల సంగీత దర్శకులు కాగా, వాద్యబృందం బాధ్యతను వేణు నిర్వహించారు. దక్షిణాది చలనచిత్ర సంగీతంలో హేమండ్ ఆర్గాన్ వాడకానికి ఆద్యుడిగా కూడా వేణునే పేర్కొంటారు.

అమెరికాలో 1935లో మార్కెట్లోకి వచ్చిన ఈ విద్యుత్ వాద్యం చర్చిలలో ఉండే గొట్టాల ఆర్గాన్‌కు చవక ప్రత్యామ్నాయంగా రూపొందింది. లోపల తిరిగే లోహపు చక్రాలు స్వరాలను పుట్టిస్తాయి. ముందున్న కడ్డీలను లాగుతూ, నెడుతూ వాద్యకారుడు నాద స్వభావాన్ని మార్చుకుంటాడు. ఒకసారి వేణువును పోలిన మృదునాదం, మరోసారి బృందమంతా మోగినంత నిండుదనం వినిపించవచ్చు. హార్మోనియం కూడా దీర్ఘంగా పలుకుతుంది కాని దాని నాదం ఒకే రంగులో ఉంటుంది. జానపద, పౌరాణిక చిత్రాలలో మాయలు, ఆశ్చర్యం, భయం వంటి సన్నివేశాలకు కొత్త ధ్వని అవసరమైన కాలంలో ఈ వాద్యం సంవిధానకర్తకు మరో వర్గం వాద్యకారులు దొరికినట్లయింది. నేటి విభావరులలో కీబోర్డు నిర్వహిస్తున్న పాత్రకు ఇది పూర్వరూపం అని భావించవచ్చు.

5. సంగీత దర్శకుడిగా వేణు:

తాపీ చాణక్య దర్శకత్వంలో సారథి సంస్థ నిర్మించిన ‘రోజులు మారాయి’ (1955) వేణుకు విస్తృతమైన పేరు తెచ్చింది. కొసరాజు రచించగా జిక్కి పాడిన ఏరువాక పాటకు వహీదా రెహమాన్ నర్తించారు. ఈ బాణీ ప్రయాణం మన చర్చకు కీలకం. తమిళ రూపం ‘కాలం మారిపోచ్చు’ (1956) లోకి అది వేణు చేతుల మీదుగానే వెళ్లింది. 1960లో ‘బంబయ్ కా బాబూ’ హిందీ చిత్రంలో ఎస్.డి.బర్మన్ సంగీతంలో అదే బాణీ వినిపించింది. అక్కడ భాష మారింది, గాయని మారింది, వాద్యాల అల్లిక కూడా మారింది. ఆ హిందీ పాటలో తెలుగు శ్రోత బాణీని గుర్తుపడతాడు కాని దాన్ని ‘మన పాట’గా వినలేడు. బాణీ దేశాలు తిరుగుతుంది. సంవిధానం మాత్రం ఆ ధ్వనిముద్రణకే కట్టుబడి ఉంటుంది. ఒక పాటకు దాని ప్రాంతాన్ని, కాలాన్ని ఇచ్చేది సంవిధానమేనన్న వాదానికి ఇది బలమైన ఆధారం.

‘తోడికోడళ్లు’ (1957), ‘మాంగల్యబలం’ (1959), ‘కలసి ఉంటే కలదు సుఖం’ (1961), ‘సిరిసంపదలు’ (1962), ‘ప్రేమించి చూడు’ (1965) మొదలైన చిత్రాలకు వేణు సంగీతం అందించారు. 1981లో మరణించారు. ఆయనను స్మరించే సందర్భాలలో ఈ చిత్రాల జాబితాయే ముందుకు వస్తుంది. వాద్యబృందం నడిపిన తొలి దశ ఒక మెట్టుగా మాత్రమే ప్రస్తావనకు వస్తుంది. నిజానికి ఆ దశే ఆయన విద్య.

6. కర్తృత్వ సమస్య:

ఇది ఒక్క వేణుకు పరిమితమైన విషయం కాదు. ‘మల్లీశ్వరి’ (1951) పాటలకు సాలూరి రాజేశ్వరరావు బాణీలు కట్టగా, వాద్య సంవిధానంలో అద్దేపల్లి రామారావు పాలుపంచుకున్నారు. ‘మాయాబజార్’ (1957)కు రాజేశ్వరరావు నాలుగు పాటల బాణీలు ఇచ్చి తప్పుకున్నారు. వాటిని వాద్యబృందంతో రికార్డు చేసినవారు, మిగిలిన సంగీతాన్ని కూర్చినవారు ఘంటసాల. వాద్య సంవిధానంలో ఎన్.సి.సేన్‌గుప్తా, ఎ.కృష్ణమూర్తి ఆయనకు సహకరించారు. ఆ నాలుగు పాటలు ఎవరివి అన్న వాదన అభిమానుల మధ్య సాగుతూనే ఉంటుంది. ‘బాణీ ఎవరిది?’, ‘పాట ఎవరిది?’ అన్న రెండు ప్రశ్నలను ఒకటిగా భావించడమే ఆ వాదనకు మూలం. వాటిని వేరు చేస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

చట్టం కూడా ఈ కలగలుపును బలపరిచింది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం సంగీత రచనకు కర్త స్వరకర్త. సంవిధానాన్ని ఆ చట్టం సంగీత రచనకు ‘అనుసరణ’గా పరిగణిస్తుంది. అనుసరణ చేసే హక్కు మూలరచన హక్కుదారు చేతిలో ఉంటుంది. 2012 సవరణ గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో వాటాను కాపాడింది. ప్రదర్శకులకూ కొంత రక్షణ కల్పించింది. సంవిధానకర్తను మాత్రం ఆ పేరుతో ప్రత్యేకంగా గుర్తించలేదు. వాద్యం వాయించినందుకు ఆయనకు దక్కగల గుర్తింపు, ఏమి వాయించాలో రాసినందుకు దక్కడం లేదు.

మరొక కారణం ఆధారాల స్వభావం. రికార్డింగ్ రోజున వాద్యకారుల ముందు ఉంచే స్వరపత్రం ఆ పూట పనిముట్టు. పాట ముద్రణ పూర్తయ్యాక దానికి విలువ ఉంటుందని ఎవరూ అనుకోరు. సాహిత్యం పాటల పుస్తకంలో మిగిలింది, గొంతు రికార్డులో మిగిలింది, పేరు టైటిల్ కార్డులో మిగిలింది. సంవిధానం మాత్రం ధ్వనిలో కలిసిపోయి మిగిలింది.

7. ముగింపు:

మాస్టర్ వేణు వృత్తిజీవితాన్ని సంగీత దర్శకుడి చిత్రాల జాబితాగా కాక సంవిధానకర్త ప్రస్థానంగా చదివితే తెలుగు సినిమా పాట చరిత్రలో ఒక పొర బయటపడుతుంది. అందుకు రెండు పనులు అవసరం. మొదటిది, పాటల సూచికలలో స్వరకర్త, గీత రచయిత, గాయకుల సరసన వాద్య సంవిధానకర్తకు ప్రత్యేకమైన గడి కేటాయించడం. టైటిల్ కార్డులలో ‘వాద్యబృందం’, ‘సహాయకులు’ అన్న వరుసల్లో ఉన్న పేర్లను దీనికి తొలి ఆధారంగా తీసుకోవచ్చు. రెండవది, పాత ఖండికలను చెవితో విని, స్వరాలు రాసుకుని, వేదికలపై తిరిగి పలికిస్తున్న వాద్యకారుల నోటు పుస్తకాలను పరిశోధన సామగ్రిగా సేకరించడం. అసలు స్వరపత్రాలు దొరకని పాటలకు ఆ పుస్తకాలే లిఖిత రూపంలో మిగిలిన ఆధారం. దిల్‌సుఖ్‌నగర్ విభావరిలో కీబోర్డు ముందు కూర్చున్న వ్యక్తి తనకు తెలియకుండానే ఒక సంవిధానకర్త పనిని భద్రపరుస్తున్నాడు. ఆయన పుస్తకం కూడా పోకముందే దాన్ని అడిగి చూడటం పరిశోధకుల కర్తవ్యం.